నేలనంటి నడచిన కారులు

మోటారు కారు పుట్టిననాటి నుండి దాని చరిత్రను వ్రాసినవారు వేగమునకే పెద్దపీట వేసిరి. ఎవరి బండి ముందు పోయినది, గంటకెన్ని మైళ్లు పోయినది అనునదే వారి లెక్క. అయితే అదే కారును చేతబట్టి, దానిని పరుగెత్తించుటకు గాక, నేలకు వంచి మెల్లగా నడిపించుటకు పాటుపడిన జనులును కలరు. వారు అమెరికాలోని కాలిఫోర్నియా, న్యూ మెక్సికో, టెక్సాస్ రాష్ట్రములందలి మెక్సికన్ సంతతివారు. వారి బండ్లకు లోరైడర్లని పేరు. ఈ బండ్ల కథ యంత్రముల కథ మాత్రమే కాదు. వీధి ఎవరిదను ప్రశ్నపై సుమారు ఎనుబది యేండ్లు సాగిన వాదము కూడ. ఆ కథను శ్రోతలకు స్థూలముగా విన్నవింతుము.

1943 జూన్ నెలలో లాస్ ఏంజెలిస్ నగరమున నావికులును సైనికులును గుంపులుగా బయలుదేరి, వదులైన పొడవు కోటులు ధరించు మెక్సికన్ యువకులను వీధులలో పట్టి కొట్టి, వారి దుస్తులను చించివేసిరి. వేషమే నేరమైన కాలమది. యుద్ధము ముగిసిన పిమ్మట ఆ కుటుంబముల పడుచువారు పలువురు సైన్యము నుండి తిరిగివచ్చిరి. కార్ఖానాలలో కూలి దొరకెను. పాత షెవర్లే కారులు చవుకగా అమ్ముడుపోవుచుండెను. ఆ రోజులలోనే ఇతర యువకులు కొందరు పాత ఫోర్డు బండ్ల రేకులు ఊడబెరికి, ఇంజనుల బలము పెంచి, మురాక్, ఎల్ మిరాజ్ వంటి ఎండిన సరస్సుల మైదానములలో పందెములు వేయుచుండిరి. మెక్సికన్ యువకులు దీనికి సరిగా ఎదురుదారి పట్టిరి. బండిని విప్పుటకు మారు అలంకరించిరి. ఎత్తుటకు మారు దింపిరి. వారి నినాదము స్పానిష్ భాషలో ‘బహీతో ఇ సువావెసీతో’. మన మాటలలో ‘పల్లముగా, మెల్లగా’ అనవచ్చును.

కారును దింపుట ఎట్లు? అన్నిటికంటె చవుకైన ఉపాయము డిక్కీలో ఇసుక సంచులు పేర్చుట. బరువునకు స్ప్రింగులు అణగి బండి వెనుక భాగము దిగును. సంచులు తీసివేసిన యథాస్థితి. రెండవది, చుట్టల స్ప్రింగులో ఒకటి రెండు చుట్టలు కోసివేయుట. స్ప్రింగు పొట్టిదైనకొలది బిరుసెక్కునను సంగతి అందరికి తెలియదు. అదే మందము గల తీగలో చుట్టలు తగ్గినచో అది తొందరగా అణగదు. ప్రతి గుంతయు కూర్చున్నవాని వెన్నెముకకు తెలియును. మూడవది, స్ప్రింగును నిప్పుమంటతో కాల్చి క్రుంగజేయుట. ఇది మిక్కిలి చెడ్డ పద్ధతి. ఉక్కునకు పెట్టిన పదును ఆ వేడికి పోవును. తరువాత ఆ స్ప్రింగు ఎప్పుడు విరుగునో చెప్పలేము. కమాను కట్టలు గల వెనుక ఇరుసునకైతే, ఇరుసునకును కమానునకును నడుమ దిమ్మెలు ఇరికించి బండిని దింపుదురు.

ఇక చక్రములు. చక్రము చిన్నదైన బండి దిగునని తోచుట సహజమే. అయితే లెక్క చూడవలెను. టైరుతో కూడిన చక్రపు వ్యాసము ఒక అంగుళము తగ్గినచో బండి అర అంగుళము మాత్రమే దిగును. ఏలయన నేలకును ఇరుసునకును నడుమ ఉండునది వ్యాసములో సగమే. అందుచేత లోరైడర్ల వారు చక్రమును నమ్ముకొన్నది ఎత్తు తగ్గించుటకంటె అందమునకే. 14 అంగుళముల చక్రములు తీసివేసి 13 అంగుళముల తీగ ఆకుల చక్రములు బిగించి, తెల్ల అంచు గల సన్నని టైర్లు తొడిగిరి. అట్టి టైరు, బండితో వచ్చిన టైరుకంటె చిన్నదగుటచే అదే దూరమునకు ఎక్కువ చుట్లు తిరుగును. వేగమును చూపు ముల్లు ఆ చుట్లనే లెక్కించును గనుక ఉన్న వేగముకంటె హెచ్చు చూపును. మెల్లగా పోవుటయే వ్రతముగా గల బండి, తన ముల్లు దృష్టిలో మాత్రము కొంత తొందరపడుచున్నదన్నమాట!

ఈ వినోదమునకు చట్టము అడ్డువచ్చెను. మార్పులు చేసిన కారులో ఏ భాగమును చక్రపు రిమ్ము అడుగు అంచుకంటె క్రిందికి దిగరాదని కాలిఫోర్నియా వాహన చట్టములోని 24008వ సెక్షను శాసించెను. 1950ల చివర వచ్చిన ఈ నియమములో యుక్తి లేకపోలేదు. టైరులోని గాలి పూర్తిగా పోయినచో బండి రిమ్ముపై కూర్చుండును. అప్పుడు బండి అడుగు రోడ్డునకు ఒరసికొన్న ప్రమాదము. అయినను ఆ సెక్షను పేర ఆపబడినవారిలో ఏ వర్గమువారు హెచ్చు అని లోరైడర్ల వారిని అడిగినచో, వారు చట్టమును గూర్చి గాక దానిని వాడిన తీరును గూర్చి మాటలాడెదరు.

చట్టమునకు బదులు యంత్రమే చెప్పెను. 1959లో రాన్ అగిర్రే అను కాలిఫోర్నియా యువకుడు, తన కార్వెట్ కారు మరీ పల్లముగా నున్నదని పోలీసులచే పలుమారులు ఆపబడి, తండ్రి సాయముతో ఒక ఉపాయము పన్నెను. యుద్ధము ముగిసిన పిమ్మట మిగులు సామానుగా అమ్ముడుపోవుచున్న విమానముల హైడ్రాలిక్ పంపులను తెచ్చి కారునకు బిగించెను. మీట నొక్కిన నూనె ఒత్తిడికి బండి లేచును; మరల నొక్కిన దిగును. పోలీసు బండి కంటబడినప్పుడు కారు చట్టబద్ధమైన ఎత్తున నిలుచును. అది మలుపు తిరిగిన పిమ్మట మరల నేలనంటును. విమానమునకై పుట్టిన పంపు, పోలీసు కంటపడకుండ వంగి నిలుచుటకు పనికివచ్చుట చరిత్రలోని చమత్కారములలో నొకటి.

షెవర్లే కంపెనీ 1958లో వెలువరించిన ఇంపాలా ఈ కళకు తెలియకయే మేలు చేసెను. నాలుగు చక్రములకును చుట్టల స్ప్రింగులు, నడుమ సన్నగిలి ఇంగ్లీషు ఎక్సు అక్షరమును పోలిన చట్రము దాని ప్రత్యేకతలు. ప్రక్కల బరువైన దూలములు లేనందున బండిని ఎంత దింపినను నేలకు తగులునది తక్కువ. 1964 వరకు వచ్చిన ఇంపాలాలు నేటికిని లోరైడర్లకు ప్రియమైనవి.

ఆదివారము సాయంకాలము తూర్పు లాస్ ఏంజెలిస్‌లోని విటియర్ బొలివార్డుపై ఈ బండ్లు బారులు తీరి నడచెడివి. రథోత్సవమునాడు రథము ఎంత వేగముగా పోయినదని మనలో ఎవరైన అడుగుదురా? ఎంతమంది చూచిరి, ఎట్లు అలంకరించిరి అనియే కదా అడుగుదుము. ఆ వీధిలోని లెక్కయు అదియే. అయితే రాకపోకలకు అడ్డు, అల్లరి అని అధికారులు 1970ల చివర ఆ వీధిని అడ్డగించిరి. ఊరేగింపుగా తిరుగుటను నిషేధించు అధికారము 1980లలో స్థానిక ప్రభుత్వములకు సంక్రమించెను. శాన్ డియేగో చెంతనున్న నేషనల్ సిటీలో 1992లో అట్టి నిషేధము వచ్చెను. దుకాణదారుల ఇక్కట్లు కల్లలు కావు. నిజముగా త్రోవ నిండిపోయెడిది. అయినను త్రోవ నిండుట నేరమైనచో అది ఏ జాతర నేరము కాదు?

వీధి మూసినను కళ ఆగలేదు. 1977లో శాన్ హోసే నగరమున విద్యార్థులు లోరైడర్ అను పత్రికను స్థాపించిరి. అది 2019 చివరివరకు అచ్చులో సాగెను. న్యూ మెక్సికోలోని చిమాయో గ్రామమున డేవిడ్ హరమియో అను యువకుడు 1969 నాటి ఫోర్డు కారును తీర్చిదిద్ద నారంభించి, పని ముగియకమునుపే 1978లో రోడ్డు ప్రమాదమున మరణించెను. అతని బంధుమిత్రులు దానిని పూర్తిచేసిరి. ‘డేవ్స్ డ్రీమ్’ అను ఆ బండిని 1990లో స్మిత్సోనియన్ వారు తమ జాతీయ సంగ్రహమునకు తీసికొనిరి. జెస్సీ వలదేజ్ గారి ‘జిప్సీ రోజ్’, మేనంతయు గులాబీలు చిత్రింపబడిన 1964 ఇంపాలా, 2017లో వాషింగ్టన్ నగరపు నేషనల్ మాల్‌లో గాజు పేటికలో ప్రదర్శింపబడెను. వీధిలో ఆపబడిన జాతి బండి రాజధానిలో అద్దములలో నిలిచెను.

తుదకు చట్టమును మారెను. 2023 అక్టోబరులో గవర్నరు సంతకము పొందిన అసెంబ్లీ బిల్లు 436, ఊరేగు బండ్లను నిషేధించు స్థానిక అధికారమును రద్దుచేసి, 24008వ సెక్షనును తొలగించెను. 2024 జనవరి 1 నుండి అది అమలులోనికి వచ్చెను. నేషనల్ సిటీ తన నిషేధమును అంతకుముందే, 2023లోనే, ఎత్తివేసికొనియుండెను.

నాలుగు అంగుళముల ఎత్తు ఒక జాతి గౌరవమునకు కొలబద్ద కావలసివచ్చుట విచిత్రమే. వస్తువును చేసినవాడు ఒక తీరున చేయును. కొన్నవాడు దానిని తన తీరునకు వంచును. ఆ వంపులోనే అతని బ్రతుకు కనబడును. ఆ యువకులు పాత కారును కొని, దానిని నేలకు దింపి, తాము మాత్రము తల యెత్తి నడచిరి.