సాక్చి: కనుగొన్న ఊరా, స్థాపించిన ఊరా?

విద్యార్థులారా! చరిత్ర జవాబు పత్రాల్లో తరచుగా కనిపించే ఒక తప్పును ఈ పాఠంలో పరిశీలిద్దాం. ‘టాటా కంపెనీని 1907లో స్థాపించారు’ అని ఇంగ్లీషులో రాయాల్సి వచ్చినప్పుడు కొందరు ‘ఫౌండ్’ అని రాస్తారు. రాయవలసింది ‘ఫౌండెడ్’.

‘ఫైండ్’ అంటే కనుగొను. ఇది అపక్రమ క్రియ కాబట్టి భూతకాలంలో ‘ఫౌండ్’ అవుతుంది. స్థాపించు అనే అర్థం గల ‘ఫౌండ్’ వేరే క్రియ. అది క్రమక్రియ. దాని భూతకాల రూపం ‘ఫౌండెడ్’. మొదటిది పాత ఇంగ్లీషు మాట. రెండవది అడుగుభాగం అనే అర్థమున్న లాటిన్ మాట నుండి ఫ్రెంచి ద్వారా వచ్చింది. అందుకే పునాదిని ‘ఫౌండేషన్’ అంటారు.

ఈ రెండు క్రియలూ సాక్చి చరిత్రలో పక్కపక్కనే కనిపిస్తాయి. భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్ మయూర్‌భంజ్ సంస్థానంలోని గోరుమహిసాని కొండల్లో ఇనుప ఖనిజాన్ని కనుగొన్నారు. ఆ సంగతిని 1904 ఫిబ్రవరి 24న జంషెట్జీ టాటాకు ఉత్తరంలో రాశారు. ఇక్కడ ‘ఫౌండ్’ సరైన మాట. అదే సంవత్సరం మే 19న జంషెట్జీ మరణించారు. ఆయన కుమారుడు దొరాబ్జీ పనిని ముందుకు నడిపారు. 1907 ఆగస్టు 26న టాటా ఇనుము, ఉక్కు కంపెనీ ఏర్పడింది. ఇక్కడ ‘ఫౌండెడ్’ అనాలి.

తరువాత ఖనిజం, బొగ్గు, నీరు, రైలు మార్గం అన్నీ అందే స్థలం కోసం వెతికారు. సువర్ణరేఖ, ఖర్కాయ్ నదుల సంగమానికి దగ్గరలోని సాక్చి గ్రామం కుదిరింది. 1911 డిసెంబరులో అక్కడ తొలి ఇనుము, 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు తయారయ్యాయి. 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. సాక్చి అనే పేరు నేడు ఆ నగరంలో ఒక పేటకు ఉంది.

ఇంకొక ‘ఫౌండ్’ కూడా ఉంది. లోహాన్ని కరిగించి అచ్చులో పోయడం దాని అర్థం. మనం వాడే ‘ఫౌండ్రీ’ అనే మాట ఆ క్రియకు సంబంధించినదే.

ఇప్పుడు ఒక ప్రశ్న. ‘టాటాలు సాక్చిని కనుగొన్నారు’ అనవచ్చునా? వ్యాకరణం ప్రకారం తప్పు లేదు. కానీ ఆ ప్రాంతంలో సంతాల్, హో, భూమిజ్ ఆదివాసులు అంతకుముందే నివసిస్తున్నారు. తాము ఉంటున్న ఊరిని ఇంకెవరో వచ్చి కనుగొన్నారంటే వారు ఒప్పుకుంటారా? ‘ఎంచుకున్నారు’ అంటే నిజానికి దగ్గరగా ఉంటుంది. ఇంగ్లీషులో దానికి ‘చోజ్’ అనాలి. అది కూడా ‘చూజ్’ అనే అపక్రమ క్రియకు భూతకాల రూపమే!

క్రియను ఎంచుకునేటప్పుడు కాలాన్నే కాదు, ఆ వాక్యం ఎవరి వైపు నుండి చెబుతున్నామో కూడా చూసుకోండి.