మొండి బండి బలం ఎక్కడిది?

పాత ఫోర్‌వీల్ డ్రైవ్ బండ్ల మాట రాగానే "అప్పటి ఇనుము వేరు" అంటారు. ఇనుమే కారణమైతే ఆ కాలపు కార్లన్నీ ఇప్పటికీ రోడ్ల మీద ఉండాలి. ఆస్ట్రేలియాలో టయోటా ల్యాండ్ క్రూజర్ నడిచిన చరిత్ర చూస్తే వేరే కారణాలు కనిపిస్తాయి: ఇంజన్‌ను దాని శక్తికి చాలా లోబడి వాడుకోవడం, విరిగినదాన్ని విరిగిన చోటే బాగుచేసుకునే వీలు. ల్యాండ్ క్రూజర్‌కు పూర్వరూపంగా 1951లో టయోటా తయారుచేసిన బీజే బండికి లారీ ఇంజన్ పెట్టారు. 3.4 లీటర్లు, 85 హార్స్‌పవర్. ఆ ఏడు జూలైలో అది ఫుజి పర్వతం మీద ఆరో మజిలీ దాకా ఎక్కింది. అది చూసి జపాన్ పోలీసు శాఖ 289 బండ్లకు ఆర్డరు ఇచ్చింది. లారీని లాగగల ఇంజన్‌ను అంతకంటే చిన్న బండిలో కూర్చోబెట్టే ఈ పద్ధతి ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు కొనసాగింది. 1980లో వచ్చిన 60 సిరీస్ ల్యాండ్ క్రూజర్ వ్యాగన్‌కు అమర్చిన 2హెచ్ డీజిల్ ఇంజన్ దాదాపు 4 లీటర్లది, ఆరు సిలిండర్లది. అయినా అది ఇచ్చేది నూరుకు కాస్త పైన హార్స్‌పవర్. ఈనాటి 2.8 లీటర్ల టర్బో డీజిల్ 200 దాకా లాగుతోంది. పది బస్తాలు మోయగల ఎడ్లబండి మీద నాలుగే వేస్తే ఎడ్లూ అలసిపోవు, ఇరుసూ అరగదు.

గట్టిదనం ఫ్యాక్టరీలోనే పుట్టిందనుకుంటే అది కూడా సగం నిజమే. ఆస్ట్రేలియాలోని స్నోయీ పర్వతాల జలవిద్యుత్ పథకం 1949 నుంచి 1974 దాకా సాగింది. 16 పెద్ద ఆనకట్టలు, 7 విద్యుత్ కేంద్రాలు, చలికాలమంతా మంచు, అది కరిగితే బురద. అక్కడ అప్పటికే బ్రిటన్ ల్యాండ్ రోవర్లు తిరుగుతున్నాయి. 1950ల చివర కాంట్రాక్టరు లెస్లీ థీస్ ల్యాండ్ క్రూజర్లను దిగుమతి చేసుకున్నాడు. తొలి బండ్లలో లోపాలు బయటపడితే సరిచేయడానికి టయోటా జపాన్ నుంచి తన మనుషుల్నే పంపింది. ఈ చిన్న విషయానికి చరిత్రలో పెద్ద పీట వేయాలని నా అభిప్రాయం. కొండదారిలో బండి ఆగిపోతే పని ఆగిపోయే చోట, ప్రతి ఫిర్యాదూ తయారీదారుకు పాఠమైంది. తర్వాతి బండ్లు ఆ పాఠాలు నేర్చుకునే వచ్చాయి. 60 సిరీస్ నాటికి కూడా నిచ్చెన లాంటి ఛాసీ, ముందూ వెనకా రెండు చక్రాలను కలిపే గట్టి ఇరుసులు, కమాను కట్టలు అలాగే ఉన్నాయి. ఊరికి వందల కిలోమీటర్ల దూరంలో కమాను పట్టీ ఒకటి విరిగినా మిగతావి బండిని మోస్తాయి. పానాలు, జాకీ ఉంటే మామూలు మెకానిక్ దాన్ని మార్చగలడు. అక్కడ కంప్యూటర్‌తో పని లేదు.

మిగిలిన నాలుగు బండ్లను చూసి పోయిన వేల బండ్లను మరిచిపోతున్నామని ఆక్షేపించవచ్చు. ఈ ఆక్షేపణలో బలం ఉంది. 60 సిరీస్ బాడీ తుప్పుకు లోకువ. చక్రాల పైభాగాలు, పైకప్పు అంచులు తుప్పు తినేసిన బండ్లకు లెక్కలేదు. కానీ ఆ తుప్పే నా వాదానికి సాక్ష్యం. రేకు పోయినా ఛాసీ, ఇంజన్, ఇరుసులు పనికొచ్చాయి కనుకనే జనం రేకు అతికించి మళ్లీ నడిపారు. బాగుచేయడం కొత్తది కొనడం కంటే తేలికైన చోటే బండి మిగిలింది. ఇక రెండో ఆక్షేపణ, ప్రాణరక్షణ. ఎయిర్‌బ్యాగులు లేని ఆ బండి ఢీకొంటే లోపలి మనిషికి ఈనాటి కారు ఇచ్చే రక్షణ ఇవ్వదు. దీనికి ఎదురు జవాబు లేదు. బండి గట్టిదనం, మనిషి భద్రత ఒకటి కావు. హైవే మీద కుటుంబంతో తిరగడానికి పాత బండిని ఎంచుకోవడం తప్పే. నేను చెబుతున్నది దారి లేని చోటు గురించి. అక్కడ వేగం తక్కువ, సాయం దూరం. బండి కదలకపోవడమే అక్కడ అన్నిటికంటే పెద్ద ప్రమాదం.

ఆ చోట్ల అవసరం ఇంకా తీరలేదు. 1984లో మొదలైన 70 సిరీస్ ల్యాండ్ క్రూజర్, వెనుక అవే కమాను కట్టలతో, ఆస్ట్రేలియాలో ఇప్పటికీ కొత్త బండిగా అమ్ముడవుతోంది.