లేపాక్షి లతామండపము: ప్రాకారములోని రాతితోఁట

మదనపల్లె ప్రాంతమునఁ దోఁటల మాట వచ్చినప్పుడు జనులు మొదట హార్స్లీకొండను దలంతురు. దాని ప్రాఁతపేరు ఏనుగు మల్లమ్మకొండ. కడప కలెక్టరగు హార్స్లీ 19వ శతాబ్దిలో దానిని వేసవివిడిదిగా నెన్నుకొనెను. అచటి చల్లదనము కొండయెత్తును, చెట్లును గలసి పెట్టిన భిక్ష. ఆ కొండకుఁ బడమట, హిందూపురము చేరువ, లేపాక్షిలో నెండకు వాడని తోఁట వేఱొకటి కలదు. అది శిల్పులు నాటినది.

కూర్మశైలమను గుట్టమీఁది వీరభద్రాలయమును, అచ్యుతదేవరాయల కాలమున (1529–1542), పెనుకొండ సీమలో నధికారము నెఱపిన విరూపన్న, వీరన్న యను సోదరులు కట్టించిరి. ప్రాకారములోపల, పైకప్పు లేని కల్యాణమండపము చెంత, లతామండపము నిలిచియున్నది. దాని స్తంభములమీఁదఁ దీఁగెలు, పూవులు, పక్షులు గళ్లుగళ్లుగాఁ జెక్కఁబడినవి. ఒక చిన్న రూపమే మరల మరల వచ్చి స్తంభముఖమును నింపును. ఇది రాతిపనికంటె నేఁతపనికి దగ్గఱి మర్యాద.

ఈ మాటకు సాక్ష్యము నాట్యమండపపుఁ గప్పుననే కలదు. సున్నపుఁబూఁతపై నెఱుపు, పసుపు, నలుపు, తెలుపు వన్నెలతో వ్రాసిన చిత్రములలో స్త్రీల చీరలు పలువిధములగు పూలగళ్లతో నొప్పుచున్నవి. కాఁబట్టి శిల్పియు చిత్రకారుఁడును ఆనాఁటి వస్త్రములనే యాదర్శముగాఁ గొనిరని తలంచుట యుక్తము. కాలక్రమమున నా ఋణము తీఱినది: నేఁడు చీరయంచుల కచ్చువేయువారును నేయువారును లేపాక్షిరూపములను మరలఁ దీసికొనుచున్నారు.

అయినను ఈ క్షేత్రమును గూర్చిన కథలలో నీ పనివారికిఁ జోటు లేదు. రాజధనమును వ్యయించిన విరూపన్న తన కన్నులను దానే పెఱికి గోడకు విసరెననియు, అందుచేఁ గల్యాణమండపము నిలిచిపోయెననియు నొక కథ. జటాయువును రాముఁడు "లే పక్షీ" యనెనని మఱియొకటి. కప్పుమీఁదఁ బోషకులగు సోదరుల రూపములు కలవు. ఉలి పట్టినవారి రూపు వారి పనియే.

2022లో నీ యాలయము యునెస్కోవారి తాత్కాలికపట్టికలోఁ జేరినది. అది సంతోషకరమే. కాని కప్పుపూఁత పలుచోట్ల రాలుచున్నది. గోడపై నెఱ్ఱమఱకలను జూపి కన్నులకథ చెప్పుటతోఁ దృప్తిపడక, స్తంభము స్తంభమునకును రూపముల నెత్తివ్రాసి, చిత్రములలోని చీరలతోఁ బోల్చి పట్టిక కట్టవలెను. తోఁటమాలి పేరు తెలియకున్నను, తోఁటను గాపాడుట మన విధి.