చిన్నమెదడు కంతి: జన్యువులు చెప్పిన సంగతి

అయిదారేండ్ల పిల్లవాడు ప్రొద్దున లేవగానే తలనొప్పి అని ఏడ్చును. వాంతి చేసికొనును. కాసేపటికి తేరుకొని ఆటలో పడును గనుక ఇంటివారు అజీర్తి అనుకొందురు. కొన్ని వారములు గడచుసరికి నడక తూలును. పలకమీద అక్షరములు వంకరపోవును. తల వెనుక భాగమున, పెద్దమెదడు క్రింద ఉండు చిన్నమెదడులో కంతి పెరిగినప్పుడు సాధారణముగా కనిపించు లక్షణము లివి. మనిషి తూలకుండ నిలుచుటకు, చేతికదలికలు పొందికగా సాగుటకు చిన్నమెదడు ఆధారము. కంతి అక్కడ చోటు ఆక్రమించుటయే గాక, మెదడులోని ద్రవము పారు దారిని కూడ మూసివేయును. అందువల్ల లోపల ఒత్తిడి హెచ్చి తలనొప్పి, వాంతులు కలుగును.

పిల్లల మెదడులో పుట్టు ప్రాణాంతకమైన కంతులలో ముఖ్యమైనది మెడులోబ్లాస్టోమా. దీనిని ప్రత్యేకమైన వ్యాధిగా గుర్తించి 1925లో ఆ పేరు పెట్టినవారు అమెరికాలోని బోస్టన్ నగరమున పనిచేసిన హార్వీ కుషింగ్, పెర్సివల్ బెయిలీ అను వైద్యులు. కుషింగ్ మెదడు శస్త్రచికిత్సకు ఆద్యులలో ఒకరు. పిండదశలో ఉండు 'మెడులోబ్లాస్టు' అను ఒక మూలకణము నుండి ఈ కంతి పుట్టునని వారు ఊహించినారు. అటువంటి కణము ఆ తరువాత ఎవరికిని దొరకలేదు. పేరు మాత్రము నిలిచిపోయినది.

1930లో కుషింగ్ తాను చూచిన 61 మంది రోగుల వివరములు ప్రకటించినారు. వారిలో మూడేండ్లు దాటి బ్రతికినది ఒక్కరే. కత్తితో కంతిని తీసివేసినను, దాని కణములు మెదడు, వెన్నుపాముల చుట్టూ తిరుగు ద్రవములో పడి, విత్తనములవలె మరియొకచోట మొలుచుచుండెను. వ్యాధి ఎంతవరకు వ్యాపించునో చికిత్స కూడ అంతవరకు పోవలెనని గ్రహించి, ఆ పనిని క్రమపద్ధతిలో చేసి చూపినవారు ఇంగ్లండులోని మాంచెస్టరులో ఎడిత్ పాటర్సన్, ఆమెతో పనిచేసిన ఫార్. వారు కంతి ఉన్న చోటనే గాక, మెదడంతటికి, వెన్నుపాము పొడవునా ఎక్స్‌రే కిరణములు ప్రసరింపజేసినారు. 1953లో వారు ప్రకటించిన ఫలితముల ప్రకారము నూటికి 65 మంది మూడేండ్లు బ్రతికినారు. కుషింగ్ లెక్క ప్రక్కన ఈ లెక్క పెట్టి చూచినచో అది ఎంత పెద్ద మార్పో బోధపడును.

కాని ఈ విజయమునకు మూల్యము చెల్లించినవారు ఆ పిల్లలే. పెరుగుచున్న మెదడుకు కిరణములు హాని చేయును. చికిత్స పొందిన పిల్లలు నేర్చినది మరచిపోవుటకంటె, క్రొత్తది నేర్చుటలో తోటివారికంటె వెనుకబడుట ఎక్కువ. జ్ఞాపకశక్తి, ఆలోచనలోని వేగము తగ్గును. తరగతిలో ఏటేటా ఆ దూరము పెరుగును. వెన్నెముక ఎముకలు సరిగా పెరుగక పొట్టివారగుదురు. గ్రంథులు దెబ్బతిని హార్మోనులు లోపించును. వయస్సు ఎంత తక్కువైన హాని అంత ఎక్కువ. అందుచేతనే మూడేండ్ల లోపు వారికి ఈ సంపూర్ణ కిరణచికిత్సను వైద్యులు సాధ్యమైనంతవరకు మానుదురు. పెద్ద పిల్లలలో కూడ, మందులు తోడగుటవల్ల, వ్యాధి వ్యాపించనివారికి మెదడు, వెన్నుపాములకిచ్చు మోతాదును 36 గ్రేల నుండి 23.4 గ్రేలకు తగ్గించగలిగినారు. గ్రే అనగా శరీరము గ్రహించిన కిరణశక్తికి కొలత. ఇంకను తగ్గించవచ్చునా? ఎవరికి తగ్గించవచ్చును? సూక్ష్మదర్శిని క్రింద దాదాపు ఒకే తీరుగా కనిపించు కంతులలో ఒకటి మానిపోవునదియు, మరియొకటి తిరుగబెట్టునదియు. వీటిని వేరుచేయు గుర్తు వైద్యుల చేతిలో లేకపోయెను.

ఆ గుర్తు లభించుటకు తోడ్పడినది, చిత్రముగా, పండ్లమీద ముసురు చిన్న ఈగ. జర్మనీలోని హైడెల్బర్గులో క్రిస్టియానె న్యూస్లైన్-ఫోల్హార్డ్, ఎరిక్ వీషౌస్ ఈగల పిండములలో అవయవముల అమరికను శాసించు జన్యువులను వెదకి 1980లో ప్రకటించినారు. ఒక జన్యువు చెడినప్పుడు పురుగు ఒళ్లంతా ముళ్లతో నిండెను గనుక దానికి 'హెడ్జిహాగ్' అను ముళ్లజంతువు పేరు పెట్టినారు. రెక్కలు లేని ఈగవల్ల పేరు పొందిన 'వింగ్లెస్' జన్యువు అంతకు ముందే తెలిసినది. హెడ్జిహాగ్ పరిశోధకు లిరువురు 1995లో నోబెల్ బహుమానము పంచుకొన్నవారిలో ఉన్నారు.

ఈగకు, పిల్లవాని మెదడుకు సంబంధ మేమి? ఈ జన్యువుల సోదరజన్యువులు మనిషిలోను కలవు. కణము ఎప్పుడు విభజించవలెనో, ఎప్పుడు ఆగవలెనో అవి ఆజ్ఞ లిచ్చును. 1960లో గోర్లిన్, గోల్ట్జ్ వర్ణించిన ఒక వంశపారంపర్య వ్యాధిలో చర్మపు కాన్సరులు, కొందరు పిల్లలలో మెడులోబ్లాస్టోమా వచ్చును. దానికి కారణము హెడ్జిహాగ్ ఆజ్ఞలను అదుపులో ఉంచు జన్యువు చెడుటయే అని 1996లో తేలినది. ఇటువంటి పిల్లలకు కిరణములు పడిన చోట చర్మపు కాన్సరులు విరివిగా మొలుచును. కాబట్టి కంతిని మాత్రమే గాక రక్తములోని జన్యువును పరీక్షించుట కూడ చికిత్సకు అవసరమైనది.

వేలకొలది జన్యువుల పనిని ఒకేసారి కొలుచు సాధనములు వచ్చిన పిమ్మట విషయము వేగముగా ముందుకు సాగినది. 2010లో బోస్టన్‌లోనే సమావేశమైన నిపుణులు మెడులోబ్లాస్టోమా ఒక వ్యాధి కాదని, నాలుగని ఒప్పుకొన్నారు; 2012లో దానిని ప్రకటించినారు. నాలుగింటిలో రెంటి పేర్లు ఈగల నుండి వచ్చినవే: వింగ్లెస్ పేరు కలిసిన 'వింట్', హెడ్జిహాగ్ వర్గము. మిగిలిన రెంటికి మూడు, నాలుగు అను అంకెలే పేర్లు. కంతులలో నూటికి సుమారు 10 మాత్రమే వింట్ వర్గమువి. ఆ పిల్లలలో నూటికి 90కి పైగా బ్రతుకుదురు. మూడవ వర్గములో 'మిక్' అను జన్యువు ప్రతులు పెరిగినచో వ్యాధి మొండిది. వింట్ కంతి చిన్నమెదడులోనిది కాదు, మెదడుకాండములో పుట్టునని కూడ 2010లోనే ఎలుకలమీద జరిపిన పరిశోధనలో తెలిసినది. బెయిలీ, కుషింగులు ఊహించిన ఆ ఒక్క కణము ఎందుకు దొరకలేదో దీనినిబట్టి అర్థమగును.

జన్యువు తెలిసినంత మాత్రాన మందు సిద్ధమని తలచరాదు. హెడ్జిహాగ్ ఆజ్ఞను అడ్డుకొను విస్మోడెగిబ్ అను మందు కొన్ని కంతులను కరిగించినది. కాని ఎదుగు పిల్లలలో ఎముకల చివరలు ముందుగానే మూసుకొనిపోయి, పెరుగుదల ఆగినది. ఎముక ఎదుగుటకును ఆ ఆజ్ఞయే కావలెను మరి.

జన్యుపరీక్ష తొలుత సంపన్నదేశముల ప్రయోగశాలల సొత్తు. 2013లో ముంబయిలోని టాటా మెమోరియల్ సెంటర్ శాస్త్రజ్ఞులు, ఆసుపత్రులలో మైనములో పొదిగి భద్రపరచు కంతిముక్కల నుండియే నాలుగు వర్గములను గుర్తించు పద్ధతిని ప్రకటించినారు. అదే సంస్థ వైద్యులు ఒక సాహసమైన ప్రశ్న కూడ వేసినారు. వింట్ కంతి ఇంత సులభముగా లొంగునప్పుడు మెదడంతటికి, వెన్నుపాముకు కిరణము లేల? కంతి ఉన్న చోట మాత్రమే ఇచ్చి, తరువాత మందు లిచ్చిన చాలదా? తల్లిదండ్రుల కిది ఎంతో ఆశ కలిగించు ప్రశ్న. ఏడుగురు పిల్లలను చేర్చుకొన్న పిమ్మట పరీక్షను ఆపివేయవలసి వచ్చినది. కిరణములు పడని చోట్ల వ్యాధి తిరిగి మొలిచినది. పాటర్సన్ 1953లో చెప్పిన మాట వింట్ పిల్లల విషయములోను నిజమే అయినది. ఆ ఫలితమును వారు దాచక ప్రకటించినారు.

కిరణములను ఒకచోటికే పరిమితము చేయుట తప్పని తేలినను, మోతాదును తగ్గించుట తప్పని తేలలేదు. ముంబయి వైద్యులు తరువాతి పరీక్షలో మెదడు, వెన్నుపాములను విడువక, 23.4కు బదులు 18 గ్రేలు ఇచ్చుటకు పూనుకొన్నారు. వింట్ వర్గమని జన్యుపరీక్షలో తేలిన పిల్లలకు అమెరికా, యూరపులలో జరిపిన పరీక్షలలోను 18 గ్రేల మోతాదునే ఎన్నుకొన్నారు.