రోమియో జూలియట్: పక్క పాత్రల పాపం ఎంత?

రోమియో, జూలియట్‌ల చావుకు విధినో, రెండు కుటుంబాల పగనో కారణంగా చూపడం పాఠ్యపుస్తకాల నుంచి సినిమా సమీక్షల దాకా అలవాటైపోయింది. షేక్‌స్పియర్ నాటకం ఆరంభంలోనే నక్షత్రాల మాట వస్తుంది కనుక ఆ అభిప్రాయం నిరాధారం కాదు. కానీ సుమారు 120 ఏళ్ల పాటు ఈ కథ చేతులు మారిన తీరు చూస్తే, చుట్టూ ఉన్నవాళ్ల బాధ్యత అంతకంతకూ పెరుగుతూ వచ్చిందని తెలుస్తుంది.

1476లో మసుచ్చో చెప్పిన సియెనా కథలో పెళ్లి చేసిన సన్యాసి డబ్బు పుచ్చుకుంటాడు. కబురు మోసేవాడు సముద్రపు దొంగలకు చిక్కుతాడు. 1530 ప్రాంతంలో లుయీజీ దా పోర్తో కథను వెరోనాకు తెచ్చాడు. 1554లో బండెల్లో జూలియట్ దాదిని రాయబారిని చేశాడు. రోమియోకు పంపిన ఉత్తరం ప్లేగు వల్ల ఆగిపోయిందన్నాడు.

అసలు చర్చ ఆర్థర్ బ్రూక్ 1562లో రాసిన ఇంగ్లిషు కావ్యం దగ్గర మొదలవుతుంది. షేక్‌స్పియర్‌కు ప్రధాన ఆధారం అదే. నెలల తరబడి సాగిన ఆ కథను ఆయన కొద్ది రోజులకు కుదించింది ప్రేమోద్రేకం కోసమేనని సాధారణంగా అంటారు. ఆయన చేసిన మార్పులు వేరే సంగతి చెబుతున్నాయి.

బ్రూక్ కావ్యంలో మెర్క్యూషియో విందులో కనిపించే చల్లని చేతుల అతిథి మాత్రమే. రోమియో అక్కడ జూలియట్ బంధువు టిబాల్ట్‌ను చంపేది ఆత్మరక్షణ కోసం. నాటకంలో మెర్క్యూషియో రోమియోకు ప్రాణస్నేహితుడై, తానే టిబాల్ట్ మీద కత్తి దూస్తాడు. విడదీయబోయిన రోమియో చేతి చాటునే పోటు తగిలి చనిపోతాడు. రోమియో హంతకుడయ్యేది ఆ మరణానికి ప్రతీకారంగానే. ఇక జూలియట్ తండ్రి కాపులెట్, కూతురు దారికొచ్చిందన్న సంతోషంలో పారిస్‌తో గురువారం జరగాల్సిన పెళ్లిని బుధవారానికి జరుపుతాడు. జూలియట్ చనిపోయినట్టు కనిపించేలా చేసే మందును ఒక రోజు ముందే తాగాల్సి వస్తుంది. ఆ సంగతి రోమియోకు చెప్పే ఉత్తరానికి ఉన్న వ్యవధి ఆ మేరకు తగ్గిపోతుంది.

ఆ ఉత్తరం మోసే సన్యాసి ఫ్రయర్ జాన్ బ్రూక్ కథలో రోమియో ఉన్న మాంటువా చేరాక చిక్కుకుంటాడు. నాటకంలో తోడు సన్యాసిని వెతుక్కుంటూ వెళ్లి, వెరోనా దాటకముందే ప్లేగు అనుమానంతో మూసిన ఇంట్లో ఇరుక్కుంటాడు. 1592-94 మధ్య ప్లేగుకు నాటకశాలలు మూతపడిన లండన్‌లో ఇలాంటి ఇళ్లు ప్రేక్షకులకు తెలిసినవే. ఇది మనుషుల తప్పు కాదు, నిజమే. కానీ ఆ ఉత్తరం ఎంత ముఖ్యమో దాన్ని పంపిన, ప్రేమికుల పెళ్లి చేసిన ఫ్రయర్ లారెన్స్ జాన్‌తో అనడం మనం వినేది, అది చేరకుండా తిరిగొచ్చాకే.

అన్నీ షేక్‌స్పియర్ కల్పనలనలేం. దాది పారిస్‌ను మెచ్చుకోవడం, అలికిడికి సన్యాసి సమాధి విడిచి పారిపోవడం బ్రూక్‌లోనూ ఉన్నాయి. ప్రేమికుల తొందరా తక్కువది కాదు. అయితే బ్రూక్ దాదిని దేశం వెళ్లగొట్టి, విషం అమ్మినవాణ్ణి ఉరితీయించి లెక్క తేల్చేశాడు. షేక్‌స్పియర్ ఎవరికి శిక్షో, ఎవరికి క్షమాపణో చెప్పకుండా వదిలాడు. టిబాల్ట్ తప్ప వీళ్లెవరూ ప్రేమికుల కీడు కోరినవాళ్లు కారు. మేలు చేయబోయి ముంచినవాళ్ల బాధ్యతను అంత తేలిగ్గా తేల్చలేం.

తర్వాతి కాలం ఈ నేర్పును నిలుపుకోలేదు. 1748లో నటుడు గారిక్, రోమియో చావకముందే జూలియట్‌ను మేల్కొలిపి ఇద్దరికీ మాటలు రాశాడు. చూపంతా జంట మీదికే మళ్లింది. 1968లో జెఫిరెల్లి తీసిన చిత్రం కన్నులపండువే. కానీ ప్లేగు ఇల్లు, సమాధి దగ్గర పారిస్ మరణం అందులో లేవు. గుర్రం మీద వచ్చే రోమియో సేవకుడు గాడిదతో వెళ్లే జాన్‌ను దాటిపోతాడు, అంతే. అన్నిటికన్నా మేలైన పఠనం 1957 నాటి సంగీతనాటకం ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ది. కబురు తెచ్చిన అనీతా, ఎదుటి ముఠా చేసిన దౌర్జన్యానికి రగిలిపోయి జూలియట్ స్థానంలోని మరియా చనిపోయిందని అబద్ధమాడుతుంది. ఆ మాట రోమియో స్థానంలోని టోనీని చావుకు నడిపిస్తుంది. అయితే తల్లిదండ్రులను తెర వెనకే ఉంచిన ఆ నాటకంలో కాపులెట్‌కు సాటివచ్చే పెద్దలు లేరు. చేజేతులా పిల్లలను పోగొట్టుకున్న పెద్దల తప్పు అక్కడ పలచబడింది.