వానవన్ మహాదేవి

క్రీ.శ. 10వ శతాబ్దికి చెందిన చోళరాజ్ఞి. మిలాడు నేలిన మలయమానుల వంశమున జన్మించి, సుందర చోళుడని ప్రసిద్ధుడైన రెండవ పరాంతకుని దేవేరియై, ఆదిత్య కరికాలునకును, కుందవైకిని, మొదటి రాజరాజునకును జనని యయ్యెను.

ఈమె చరిత్రకు ప్రధానాధారములలో నొకటి తిరుత్తణికి చేరువనున్న తిరువాలంగాడున 1905లో లభించిన 31 రాగిరేకుల శాసనము. మనుమడగు రాజేంద్ర చోళుడు పళైయనూరు గ్రామమును తిరువాలంగాడు శివాలయమునకు ధారవోసిన సందర్భమున వెలువడిన ఈ శాసనపు సంస్కృత భాగము, పతి దివంగతుడు కాగా ఈమె సహగమన మొనర్చెనని కొనియాడుచున్నది. ఆ స్తుతి యెంత ఉదాత్తమైనను, బిడ్డలను విడిచి చితి నెక్కిన తల్లి దుఃఖమే చదువరి హృదయమును కలచివేయును.

కుమార్తె కుందవై తంజావూరు బృహదీశ్వరాలయమున తల్లిదండ్రుల ప్రతిమలను నెలకొల్పి, వాని యర్చనకు కానుక లొసంగెను. రాజరాజు తన సోదరి పేరే పెట్టుకొన్న కుమార్తెను వేంగీశ్వరుడగు విమలాదిత్యున కిచ్చి వివాహము చేయుటచే, ఈ రాణి రక్తసంబంధము తెలుగునేలకును ప్రాకినది: నన్నయభట్టుచే భారతాంధ్రీకరణమునకు పూనించిన రాజరాజ నరేంద్రుడు ఈమెకు మునిమనుమడు.