2 మిల్లీమీటర్ల విడాకులు

సరదాకి ఫొటోలు తీసేవాణ్ణి ఒక కంపెనీకి కట్టిపడేసేది కెమెరాకూ లెన్సుకూ మధ్య ఉండే చిన్న లోహపు వలయం. దాన్ని మౌంట్ అంటారు. బాడీ పాతబడితే మరొకటి కొనుక్కోవచ్చు. ఏళ్ల తరబడి కూడబెట్టిన లెన్సులు మాత్రం ఆ వలయానికి తప్ప దేనికీ నేరుగా అతకవు. కంపెనీ మారాలంటే సంచి మొత్తం అమ్ముకోవాలి.

తొలినాళ్లలో ఇంత పట్టింపు లేదు. 1936 నాటి హన్సా క్యానన్‌కు లెన్సు చేసిచ్చింది నిప్పాన్ కొగాకు, అంటే తర్వాతి నికాన్! 1950లో లైఫ్ పత్రిక ఫొటోగ్రాఫర్ డేవిడ్ డగ్లస్ డంకన్ జర్మన్ లైకాకు అదే జపాన్ సంస్థ నిక్కోర్ లెన్సులు బిగించి కొరియా యుద్ధాన్ని చిత్రించాడు.

1959లో నికాన్ తన ఎఫ్ మౌంట్‌ను తెచ్చింది. క్యానన్ 1971లో ఎఫ్‌డీ తెచ్చింది. ఎవరి వలయం వారిదే, ఎవరి వాడుకదారులు వారికే. 1985లో మినోల్టా కంపెనీ 7000 కెమెరా తనంతట తానే ఫోకస్ చేసుకునే ఆటోఫోకస్‌తో వచ్చి ఈ ప్రశాంతతను చెడగొట్టింది. నికాన్ పాత మౌంట్‌ను వదలకుండా బాడీలో మోటారు పెట్టి సర్దుకుంది. క్యానన్ సర్దుకోలేదు. 1987లో ఈఓఎస్ 650తో పాటు పూర్తిగా కొత్తదైన ఈఎఫ్ మౌంట్‌ను దించింది. మోటారు లెన్సులోకే వెళ్లింది. బాడీకీ లెన్సుకూ మధ్య మీటలూ ఇరుసులూ పోయి విద్యుత్ సంకేతాలు మిగిలాయి.

ఎఫ్‌డీ లెన్సులున్నవాళ్ల గతేమిటి? మౌంట్ నుంచి ఫిల్మ్‌కు పాత దూరం 42 మిల్లీమీటర్లు, కొత్తది 44. తేడా 2 మిల్లీమీటర్లే. కానీ పాత లెన్సును కొత్త బాడీకి తగిలిస్తే దగ్గరి పువ్వు కనిపిస్తుంది, దూరపు కొండ మసకబారుతుంది. దాన్ని సరిచేయాలంటే రెంటి మధ్య బిగించే అడాప్టర్‌లో అదనంగా గాజు పెట్టాలి, ఆ గాజు బొమ్మ నాణ్యతను తగ్గిస్తుంది. ఎలాగూ అన్నీ కొత్తగా కొనాల్సినప్పుడు నికాన్ దుకాణంలోకీ తొంగిచూద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. సొంత మనుషులకే తలుపు తీసిపెట్టిన పందెం అది. క్యానన్ గెలిచింది: 1990ల్లో క్రీడా మైదానాల అంచుల్లో దాని తెల్లటి లెన్సులు బారులు తీరాయి.

మినోల్టా కథ తిరగబడింది. కోనికాతో కలిసిన ఆ సంస్థ 2006లో కెమెరాల వ్యాపారం వదిలేసింది. అదే మౌంట్‌తో సోనీ ఆల్ఫా 100 తెచ్చింది. దాన్ని కొన్న మినోల్టా అభిమానులు లెన్సు మార్చకుండానే కంపెనీ మారారు.

2018లో క్యానన్ మిర్రర్‌లెస్ కెమెరాల కోసం ఆర్‌ఎఫ్ మౌంట్ తెచ్చింది. బాడీ లోపలి అద్దం పోవడంతో మౌంట్ నుంచి సెన్సర్‌కు దూరం 20 మిల్లీమీటర్లకు తగ్గింది. 22 మిల్లీమీటర్ల ఖాళీ వలయం ఉంటే చాలు, ఏ గాజూ అక్కర్లేకుండా ఎఫ్‌డీ లెన్సు దూరపు కొండను స్పష్టంగా చూపిస్తుంది. ఫోకస్ మాత్రం చేత్తోనే తిప్పుకోవాలి.